అరవై దాటాక అమెరికా దుకాణంలో రుచి చూపించే ఉద్యోగం: చేయవచ్చా?

చెల్లెమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. వయసు అరవై రెండు. గ్రీన్ కార్డు ఈ మధ్యే చేతికి వచ్చింది. భర్తతో కలిసి డాలస్ పక్కన ప్లేనోలో కూతురి దగ్గర ఉంటున్నారు. కాస్ట్‌కో అనే పెద్ద దుకాణానికి వెళ్లినప్పుడల్లా చిన్న బల్ల దగ్గర నిలబడి కాగితపు కప్పుల్లో తినుబండారాలు అందించే పెద్దవాళ్లను చూసి, ఆ పని మీరూ చేయగలరా అని అడిగారు. శాకాహారులు, ఇంగ్లీషు అంటే బెరుకు, మోకాళ్లు అంతంత మాత్రం, ఇంట్లో మాత్రం "ఈ వయసులో నామోషీ" అంటున్నారు. నేను ఆంధ్రలో హైస్కూలులో సైన్సు చెప్పి రిటైరైన దాన్ని. ఇక్కడికి వచ్చాక కొన్నేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. కాళ్లు సహకరిస్తే తప్పక చేయండి అన్నదే నా మాట. అయితే నెల జీతం కోసమే అయితే ఇది చిన్న ఉద్యోగం. ప్రభుత్వ ఖాతాలో మీ పేరిట జమయ్యే క్రెడిట్ల కోసమైతే, మన వయసులో ఇక్కడికి వచ్చినవాళ్లకు ఇంతకన్నా అందుబాటులో ఉన్న దారి నాకు కనబడలేదు.

ముందుగా ఒక హెచ్చరిక. ఇది మీకు వర్తించదు కానీ ఈ సమాధానం చదివే ఇతరులకు అవసరం. పిల్లలను చూడడానికి విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లు ఈ పని చేయకూడదు. జీతం తీసుకోకుండా సాయం చేస్తున్నామన్నా, తెలిసినవాళ్ల దుకాణమే అన్నా కుదరదు. రేపు మళ్లీ వీసాకు వెళ్లినప్పుడు, గ్రీన్ కార్డుకు దరఖాస్తు పెట్టినప్పుడు అదే అడ్డుపడుతుంది. గ్రీన్ కార్డు ఉన్న మీకు ఆ చిక్కు లేదు. చేరిన రోజున, ఇక్కడ పనిచేసే అర్హత ఉందని చూపే ఐ-9 అనే ఫారం నింపి కార్డు చూపిస్తారు, సోషల్ సెక్యూరిటీ నంబరు ఇస్తారు, అంతే.

చాలామందికి తెలియని విషయం ఇంకొకటి ఉంది. కాస్ట్‌కోలో రుచి చూపించేవాళ్లు సాధారణంగా కాస్ట్‌కో ఉద్యోగులు కారు. క్లబ్ డెమాన్‌స్ట్రేషన్ సర్వీసెస్ లాంటి బయటి కంపెనీలు ఈ పని నడుపుతాయి. సరుకు తయారు చేసే కంపెనీ డబ్బు కడుతుంది, డెమో కంపెనీ మనిషిని పెడుతుంది, దుకాణం చోటు ఇస్తుంది. అందువల్ల కాస్ట్‌కో తన ఉద్యోగులకు ఇచ్చే జీతాలు, ఆరోగ్య బీమా గురించి మీరు విన్న మంచి మాటలు ఈ పనికి వర్తిస్తాయని అనుకోకండి. దరఖాస్తు కూడా దుకాణం కౌంటరులో కాదు, ఆ డెమో కంపెనీ వెబ్‌సైటులో పెట్టాలి. దారి తెలియకపోతే బల్ల దగ్గర నిలబడ్డ మాలాంటి వాళ్లనే అడగండి. ఏ కంపెనీయో, సూపర్‌వైజరు ఏ రోజుల్లో ఉంటారో చెబుతాం.

ఇక డబ్బు. జీతం రాష్ట్రాన్ని బట్టి, ఊరిని బట్టి మారుతుంది. కాలిఫోర్నియాలో 2025లో కనీస వేతనమే గంటకు 16.50 డాలర్లు. మన టెక్సాస్‌లో చట్టం చెప్పే కనీసం ఇప్పటికీ 7.25 మాత్రమే, కాబట్టి ఇక్కడ కంపెనీ ఎంత ఇస్తానంటే అదే లెక్క. అడిగి తెలుసుకోవాలి. లెక్క కోసం గంటకు 16 డాలర్లు అనుకుందాం. రోజుకు ఆరు గంటలు, వారానికి మూడు రోజులు చేస్తే 288 డాలర్లు. అందులో సోషల్ సెక్యూరిటీ అనే ప్రభుత్వ పింఛను పథకానికి 6.2 శాతం, మెడికేర్ అనే పెద్దవాళ్ల ప్రభుత్వ ఆరోగ్య బీమాకు 1.45 శాతం, మొత్తం 22 డాలర్ల చిల్లర కోసుకుంటారు. కంపెనీ కూడా అంతే తన వైపు నుంచి కడుతుంది. జీతం చీటీలో ఆ కోత చూసి బాధపడేవాళ్లను చూశాను. మన వయసువాళ్లకు ఆ ఉద్యోగంలో అసలు సంపాదన ఆ కోతే.

ఎందుకంటే ఈ దేశంలో పనిచేసిన కాలాన్ని క్రెడిట్లలో లెక్కిస్తారు. 2025లో ప్రతి 1,810 డాలర్ల సంపాదనకు ఒక క్రెడిట్. ఏడాదికి నాలుగుకు మించి ఇవ్వరు. అంటే ఏడాదిలో 7,240 డాలర్లు సంపాదిస్తే నాలుగూ వచ్చేస్తాయి. పై లెక్క ప్రకారం దాదాపు ఆరు నెలల పని. మిగతా ఆరు నెలలు చేసినా చేయకపోయినా క్రెడిట్లలో తేడా ఉండదు. ఇలా నలభై పోగవడానికి పదేళ్లు పడుతుంది. ఇండియాలో మనం ముప్పై ఏళ్లు పనిచేసినా అది ఇక్కడ కలవదు. అమెరికాకు చాలా దేశాలతో అలాంటి ఒప్పందం ఉంది కానీ మన దేశంతో లేదు.

నలభై క్రెడిట్లు ఉంటే ఏమవుతుంది? మెడికేర్‌లో ఆస్పత్రి ఖర్చులు చూసే పార్ట్-ఎ ఉచితం. లేనివాళ్లు, గ్రీన్ కార్డుతో ఇక్కడ వరుసగా ఐదేళ్లు ఉండి, అరవై అయిదు నిండాక దాన్ని డబ్బు కట్టి కొనుక్కోవాలి. 2025లో దాని ధర నెలకు 518 డాలర్లు. ముప్పై నుంచి ముప్పై తొమ్మిది క్రెడిట్ల మధ్య ఉంటే 285. డాక్టర్ల ఖర్చులు చూసే పార్ట్-బి ఎవరికైనా విడిగా కట్టాల్సిందే, అది 2025లో నెలకు 185. మీ విషయానికి వస్తే, అరవై ఏడో ఏట ఐదేళ్ల నివాసం పూర్తవుతుంది. అప్పటికి ఇరవై క్రెడిట్లు ఉంటాయి కనుక పూర్తి ధర కడతారు. డెబ్బైకి కాస్త ముందో వెనకో ముప్పై దాటి ధర తగ్గుతుంది. డెబ్బై రెండు నాటికి ఉచితం. ఇద్దరికీ! అరవై అయిదు నిండిన భర్తకు భార్య క్రెడిట్ల మీద కూడా ఉచిత పార్ట్-ఎ వస్తుంది. భార్యాభర్తల్లో ఒకరికి నలభై ఉంటే చాలు. ఇద్దరికీ పూర్తి ధర కట్టాల్సి వస్తే నెలకు వెయ్యి డాలర్లు దాటుతుంది. అది మీ అల్లుడి జేబులోంచి వెళ్లే డబ్బు. ఇంట్లో నామోషీ మాట మళ్లీ వచ్చినప్పుడు ఈ లెక్క కాగితం మీద వేసి చూపించండి.

నలభై క్రెడిట్లతో నెల నెలా పింఛను కూడా వస్తుంది. కానీ ముప్పై అయిదేళ్ల సగటు మీద కడతారు కనుక పదేళ్ల చిన్న జీతానికి అది పెద్ద మొత్తం కాదు. ఇండియాలో ప్రభుత్వ పింఛను వస్తున్నవాళ్లకు ఒక శుభవార్త ఉంది. ఇదివరకు అలాంటి పింఛను ఉంటే ఇక్కడి సోషల్ సెక్యూరిటీలో కోత పెట్టేవారు. 2025 జనవరి 5న సంతకమైన చట్టంతో ఆ కోత పోయింది. పన్నుల దగ్గర మాత్రం ఇండియా పింఛను, బ్యాంకు వడ్డీ ఇక్కడి రిటర్నులో చెప్పవలసి ఉంటుంది. అక్కడి ఖాతాలన్నిటిలో కలిపి ఏడాదిలో ఏ రోజైనా 10,000 డాలర్లు దాటితే దానికి వేరే ఫారం ఉంది. ఈ ఒక్క పనికి మాత్రం రెండు దేశాల పన్నులూ తెలిసిన మనిషి దగ్గరికి వెళ్లండి.

ఈ క్రెడిట్ల వల్లే ఇంకొకటి గట్టిగా చెబుతున్నాను. కొన్ని చిన్న దుకాణాల్లో "కాగితాలెందుకు ఆంటీ, సాయంత్రం చేతికి నగదు ఇస్తాం" అంటారు. ఒప్పుకోకండి. ఆ డబ్బుకు క్రెడిట్ రాదు, దెబ్బ తగిలితే బాధ్యత ఎవరూ తీసుకోరు, మీ గ్రీన్ కార్డుకూ మంచిది కాదు. కొన్ని ఏజెన్సీలు ఉద్యోగిగా కాకుండా స్వతంత్ర కాంట్రాక్టరుగా పెట్టుకుంటాయి. అది చట్టబద్ధమే, క్రెడిట్లూ వస్తాయి, కానీ రెండు వైపుల పన్నూ, అంటే 15.3 శాతం, మీరే కట్టాలి. చేరేముందు ఏడాది చివర ఇచ్చే కాగితం ఉద్యోగికిచ్చే డబ్ల్యూ-2నా, కాంట్రాక్టరుకిచ్చే 1099నా అని అడగండి. ఈ ఒక్క ప్రశ్న అడిగితే ఎదుటివాళ్లకూ మీరు తెలిసినవారని అర్థమవుతుంది.

శాకాహారం సంగతి. రేపు ఏం వండాలో మీరు ఎంచుకోలేరు. ఒకరోజు జున్ను, ఒకరోజు ద్రాక్ష రసం, మరొక రోజు చికెన్ సాసేజి, ఇంకొక రోజు గొడ్డు మాంసం ముక్కలు. మీరు రుచి చూడనక్కర్లేదు. కానీ వేడి చేయాలి, కోయాలి, అందించాలి. కొందరు చేతి తొడుగులు ఉన్నాయిగా అని సరిపెట్టుకుంటారు. అది వాళ్ల మనసుకు సంబంధించినది. మీకు మతపరమైన నియమం ఉంటే ముందే చెప్పండి, మీకు ఏది కుదరదో స్పష్టంగా, రాతలో ఇవ్వండి. పదిహేను మంది, అంతకు మించి ఉద్యోగులున్న కంపెనీ మత విశ్వాసానికి వీలైనంత సర్దుబాటు చేయాలని 1964 నాటి పౌరహక్కుల చట్టం చెబుతుంది. ఆదివారాలు పని చేయనన్న ఒక తపాలా ఉద్యోగి కేసులో 2023 జూన్‌లో సుప్రీంకోర్టు దాన్ని ఇంకా బిగించింది. తమ వ్యాపారానికి గణనీయమైన భారం పడుతుందని చూపించగలిగితేనే కంపెనీ కాదనగలదు. అంటే అడిగిందల్లా ఇస్తారని కాదు. ఏడెనిమిది బల్లలు నడిచే పెద్ద దుకాణంలో మీకు బిస్కట్ల బల్ల ఇచ్చి, మాంసం బల్ల మరొకరికి ఇవ్వడం కష్టం కాదు. ఒకే బల్ల ఉన్న చోట కష్టం. అందుకే శాకాహారులు పెద్ద దుకాణమే చూసుకోవాలి. చేరిన మూడో రోజున, మాంసం పెట్టె ముందు పెట్టుకుని చెబితే సూపర్‌వైజరుకు కోపం రావడం సహజం. అదే మాట ఇంటర్వ్యూలో చెబితే వింటారు.

వేషం గురించి మీరు అడగలేదు, కానీ మన ఆడవాళ్లకు అసలు ఇబ్బంది అక్కడే. చీర కుదరదు. ప్యాంటు, చొక్కా, ఏప్రాన్, తలకు వల టోపీ, జారని బూట్లు. ఆహారం ముట్టుకునేవాళ్ల చేతులకు నగలు ఉండకూడదని ఇక్కడి ఆహార భద్రత నియమావళి. సాదా ఉంగరం ఒక్కటి తప్ప. అంటే గాజులు తీయాలి. ముత్తయిదువకు ఆ మాట వినగానే గుండె గుబుక్కుమంటుంది, నాకు తెలుసు. నేను పనికి బయలుదేరేముందు గాజులు తీసి దేవుడి దగ్గర పెడతాను, ఇంటికి రాగానే వేసుకుంటాను. మంగళసూత్రం, నల్లపూసలు చొక్కా లోపల ఉంటే ఎవరూ ఏమీ అనరు. బొట్టుకు అభ్యంతరం లేదు. గోళ్ల రంగు ఉంటే చేతి తొడుగు తీయకూడదు. గోరింటాకుకు ఆ బెడద లేదు.

ఇప్పుడు అసలు పని. చూడడానికి కప్పుల్లో పెట్టి ఇవ్వడమే కనిపిస్తుంది కానీ, పని తొంభై పాళ్లు శుభ్రత, ఉష్ణోగ్రత. వేడిగా ఉంచాల్సింది 135 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 57 సెల్సియస్ కంటే తగ్గకూడదు. చల్లగా ఉంచాల్సింది 41, అంటే 5 సెల్సియస్ దాటకూడదు. ఆ రెండిటి మధ్య సూక్ష్మజీవులు పెరుగుతాయి. పచ్చి కోడిమాంసం 165 వరకు ఉడకాలి. పక్కనే థర్మామీటరు ఉంటుంది, గుచ్చి చూసి కాగితం మీద రాయాలి. సైన్సు చెప్పినదాన్ని కనుక ఈ భాగం నాకు ఎంతో ఇష్టం. ముట్టుకున్న చేయి మరొకదాన్ని ముట్టుకోకూడదు, ఎంగిలి గరిటె గిన్నెలోకి వెళ్లకూడదు అన్న పట్టింపు మన వంటిళ్లలో ఎప్పటి నుంచో ఉన్నదే, కాబట్టి మీకు ఇది వారం రోజుల్లో అలవడుతుంది. ఫోను ముట్టుకున్నా, ముక్కు తుడుచుకున్నా, చెత్త డబ్బా మూత తెరిచినా చేతి తొడుగు మార్చాలి, కొత్తది వేసుకునేముందు చేయి కడుక్కోవాలి. టెక్సాస్‌లో దీనికి ఫుడ్ హ్యాండ్లర్ పాఠం ఉంటుంది. ఇంట్లోనే కంప్యూటర్ ముందు రెండు గంటల్లో పూర్తిచేయవచ్చు.

అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండవలసింది ఎలర్జీల దగ్గర. ఇక్కడి చట్టం తొమ్మిదింటిని ముఖ్యమైనవిగా గుర్తించింది: పాలు, గుడ్లు, చేపలు, రొయ్యలు పీతల వంటివి, బాదం జీడిపప్పు వంటి చెట్టు గింజలు, వేరుశనగ, గోధుమ, సోయా, 2023 నుంచి నువ్వులు. ఎవరైనా "ఇందులో గింజలున్నాయా?" అని అడిగితే గుర్తున్నది చెప్పకండి, పెట్టె తిప్పి చూపించండి. నిన్నటి పెట్టెలో లేనిది ఇవాళ ఉండవచ్చు. పిల్లవాడు ఒక్కడే వచ్చి చేయి చాపితే తల్లినో తండ్రినో పిలుచుకు రమ్మనండి. వాడు ఏడ్చినా సరే, ఇవ్వకండి. మన ఇళ్లలో పిల్లవాడికి పెట్టకుండా చేయి వెనక్కి తీసుకోవడం మహాపాపం. ఇక్కడ అలా పెడితే ఒక ప్రాణం మీదికి రావచ్చు. మనవాళ్లు కూడా వస్తారు, "ఇది వెజ్జేనా ఆంటీ?" అని తెలుగులో అడుగుతారు. జెలటిన్ ఎక్కడెక్కడ దాక్కుంటుందో నేర్చుకుంటే వాళ్లకు ఎంత మేలో చెప్పలేను. మెత్తటి మిఠాయిల్లో, కొన్ని పెరుగుల్లో కూడా ఉంటుంది.

ఇంగ్లీషుకు భయపడవద్దు. సరుకు పేరు, ధర, ఏ వరుసలో దొరుకుతుంది, ఎలా వండాలి: రోజంతా ఇవే నాలుగు మాటలు. అర్థం కాకపోతే ఇంకొకసారి చెప్పమనడంలో తప్పులేదు. ఇక్కడ దుకాణాల్లో చాలామంది వేరే దేశాల నుంచి వచ్చినవాళ్లే. అమ్మకం కోసం వెంటపడమని మమ్మల్ని ఎవరూ బలవంతపెట్టరు. నవ్వుతూ పలకరిస్తే చాలు.

కాళ్ల సంగతి మాత్రం మీ మోకాళ్లను అడిగి నిర్ణయించుకోండి. ఐదారు గంటలు సిమెంటు నేల మీద నిలబడాలి. మొదట్లో బండి తోయాలి, చివర్లో అన్నీ కడగాలి. ఈ పని మానేసినవాళ్లలో ఎక్కువమంది కాళ్ల వల్లే మానేశారు, మనుషుల వల్ల కాదు. నిలబడే చోట మెత్తటి చాప వేస్తారా అని అడగండి. పిక్కలను బిగించి పట్టే మేజోళ్లు డాక్టరును అడిగి కొనుక్కోండి. రెండు జతల బూట్లు మార్చి మార్చి వేసుకోండి. మధుమేహం ఉంటే విరామం ఎప్పుడిస్తారో ముందే తేల్చుకోవాలి. కాలిఫోర్నియాలో ఐదు గంటలు దాటిన పనికి భోజన విరామం, ప్రతి నాలుగు గంటలకు పది నిమిషాలు చట్టప్రకారం ఇవ్వాలి. టెక్సాస్‌లో పెద్దవాళ్లకు అలాంటి చట్టం లేదు, కంపెనీ నియమమే ఆధారం. చాలా కంపెనీలు ఇస్తాయి, కానీ మీ మందుల వేళకు కుదురుతుందా లేదా అన్నది మీరే చూసుకోవాలి. పాల పదార్థాల చలిగది పక్కన బల్ల వేస్తే వేసవిలోనూ వణుకు పుడుతుంది. ఏప్రాన్ కింద పట్టే పల్చటి స్వెటరు దగ్గర ఉంచుకోండి. ముందే ఇంట్లో పరీక్షించుకోవడానికి ఒక మార్గం ఉంది: ఒక శనివారం ఇంటిల్లిపాదికీ వంట చేసే రోజున మధ్యలో కుర్చీ ముట్టుకోకుండా ఉండి చూడండి. మర్నాడు పొద్దున మెట్లు దిగేటప్పుడు మోకాలు ఏమంటుందో వినండి.

నామోషీ మాటకు నా జవాబు సూటిగా చెబుతాను. గుడిలో కనిపించే పరిచయస్థులు బల్ల దగ్గరికి వస్తారు, తప్పదు. మొదట వాళ్లే తల తిప్పుకుంటారు, రెండోసారి వచ్చి ఉద్యోగం ఎలా దొరికిందని అడుగుతారు. మనుమల బస్సు వేళల చుట్టూ తిరిగే ఇంట్లో, మన పేరిట జీతం వచ్చే ఖాతా ఉండడం వేరు. మనుమరాలి పుట్టినరోజుకు ఏం కొనాలో ఎవరినీ అడగనక్కర్లేదు. ఊరెళ్లడానికి టికెట్టు కొనమని కొడుకును అడగనక్కర్లేదు. మన తరం ఆడవాళ్లలో ఉద్యోగం చేసినవాళ్లకు రిటైరయ్యాక ఆ లోటు ఎంత బాధిస్తుందో మగవాళ్లు, పిల్లలు తెలుసుకోవాలని నా కోరిక. మీ వారితో ఇలా చెప్పి చూడండి: ముప్పై ఏళ్లు ఇంటి కోసం నిలబడ్డాను, ఇప్పుడు నా కోసం ఆరు గంటలు నిలబడతాను.

ఇందులో నిజమైన నష్టం వారాంతాలు. జనం వచ్చేది శుక్ర, శని, ఆదివారాలు కనుక పనీ అప్పుడే. మన పుట్టినరోజులు, వ్రతాలు, సత్యనారాయణ పూజలు అన్నీ అప్పుడే. మీకు వారాంతం కావాల్సిందే అంటే ఈ ఉద్యోగం వద్దు. బడి వంటగదిలోనో, గ్రంథాలయంలోనో సగం రోజు పని వెతుక్కోండి, క్రెడిట్లు అక్కడ వస్తాయో లేదో చేరేముందే అడగండి. మరొకటి, ఈ పని స్థిరమని అనుకోవద్దు. 2020 మార్చిలో కరోనా రాగానే కాస్ట్‌కోలో నమూనాలు ఆపేశారు, మళ్లీ మెల్లగా మొదలైంది 2021 జూన్‌లో. మధ్యకాలంలో ఈ పనివాళ్లు ఇళ్లలో కూర్చున్నారు. ఈ జీతం మీద ఇంటి అద్దె పెట్టుకోకండి.

మీరు ఈ ఏడాదే మొదలు పెట్టాలనుకుంటే వేసవి చివరికి దరఖాస్తు పెట్టండి. నవంబరు, డిసెంబరులో పండుగ రద్దీకి మనుషులు కావాలి, అప్పుడు వయసు, అనుభవం ఎవరూ అడగరు. నలభై నిండినవాళ్లను వయసు చూసి కాదనడం 1967 నాటి చట్టం ప్రకారం తప్పు కూడా. ఇండియా ప్రయాణం ఆ రెండు నెలల్లో పెట్టుకుంటే ఉద్యోగం నిలవదు. సంక్రాంతికి వెళ్లాలంటే జనవరి మొదటి వారంలో బయలుదేరండి, అప్పుడు దుకాణాలు ఖాళీగా ఉంటాయి, సెలవు అడిగితే ఇస్తారు. కానీ ఆరు నెలలు దాటి అక్కడ ఉండిపోకండి. మెడికేర్‌కు కావలసిన ఐదేళ్ల వరుస నివాసం తెగిందన్న ప్రశ్న వస్తుంది. ఇంటర్వ్యూకు వెళ్లే రోజున గ్రీన్ కార్డు, సోషల్ సెక్యూరిటీ కార్డు, మీరు చేయలేని పదార్థాల జాబితా రాసిన కాగితం, ఈ మూడూ ఒకే సంచిలో పెట్టుకు వెళ్లండి.